మదర్‌బోర్డు ఎంచుకోవడం ఎలా? – మన పాటల కంప్యూటరు నేర్పిన పాఠం



స్టోరు గది పక్కన బల్ల మీద పెట్టిన కంప్యూటరును మీరందరూ చూసే ఉంటారు. స్విచ్చి వేస్తే ఫ్యాను తిరిగేది, లైటు వెలిగేది, తెర మాత్రం నల్లగానే ఉండేది. ఇలా దాదాపు నెల రోజులు గడిచింది. ఆరో తరగతి పిల్లలైతే దానికి "మూగ పెట్టె" అని పేరు కూడా పెట్టేశారు. అది ఎందుకు మూగబోయింది, మళ్ళీ ఎలా పలికింది అన్నదే ఈ వ్యాసం. అందులో తప్పు సగం నాది. కాబట్టి రాయవలసింది కూడా నువ్వేనని వార్డెన్ మాస్టారు అన్నారు. సరేనని కలం పట్టాను.

అసలు కంప్యూటరు ఎందుకు?

మన బడిలో చాలా ఏళ్ళ కిందట పనిచేసిన ఒక మాస్టారు టేప్ రికార్డరు భుజాన వేసుకుని చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగారట. థింసా ఆడేటప్పుడు పాడే పాటలు, పెళ్ళి పాటలు, నాట్ల పాటలు పాడించి క్యాసెట్లలో పట్టారు. అవి 11 క్యాసెట్లు, ఒక్కొక్కటి గంట సేపు. చాలావరకు మన ఆదివాసీ ఒరియాలో ఉన్నాయి. ఆ పాడినవాళ్ళలో ఇప్పుడు మిగిలింది ఒక్క అవ్వే. కొన్ని మాటల అర్థం ఆమెకు తప్ప వేరెవరికీ తెలియదు. క్యాసెట్లకేమో మన మన్యం వానల తేమకు తెల్లగా బూజు పడుతోంది.

ఆ పాటలను కంప్యూటరులోకి ఎక్కించి, శుభ్రం చేసి, మనం ఆడే థింసా వీడియోలకు జత చేసి దాచాలని అనుకున్నాం. పూర్వ విద్యార్థులు చందాలు వేసుకుని డబ్బు పంపారు. ఒక అన్నయ్య తన దగ్గర ఊరికే ఉన్న ఇంటెల్ ఐ5-8400 ప్రాసెసరును కూడా ఉచితంగా ఇచ్చాడు. ఇక మిగిలింది దానికి తగ్గ మదర్‌బోర్డు కొనడమే. అక్కడే కాలు జారింది.

మదర్‌బోర్డు అంటే ఏమిటి?

పక్కన ఆకుపచ్చ స్కెచ్ పెన్నుతో గీసిన బొమ్మ చూడండి. కంప్యూటరు పెట్టె లోపల ఉండే పెద్ద పలక ఇదే. మిగతా భాగాలన్నీ దీనికే తగులుకుంటాయి.

మన ఊరి లెక్కన చెబుతాను. హార్డ్ డిస్క్ గాదె లాంటిది. ధాన్యం అంతా అక్కడే దాచి ఉంటుంది. ర్యామ్ కళ్ళం లాంటిది. నూర్చవలసినంత ధాన్యం తెచ్చి పరుచుకుని పని చేసేది అక్కడ. పని అయ్యాక మళ్ళీ గాదెకు చేర్చకపోతే ఉన్నదంతా పోతుంది. కరెంటు పోయినప్పుడు సేవ్ చేయని పని పోయేది అందుకే. ప్రాసెసరు అంటే నూర్చే మనుషులు. మరి గాదె నుంచి కళ్ళానికి, కళ్ళం నుంచి మనుషుల దగ్గరికి దారులు వేసేది ఎవరు? మదర్‌బోర్డు. మనుషులు ఎంత గట్టివాళ్ళయినా దారి ఇరుకైతే పని సాగదు. అసలు దారే కలవకపోతే పని మొదలే కాదు. మాకు జరిగింది ఈ రెండోది.

మేము చేసిన పొరపాటు

నేనూ, సైన్సు మాస్టారూ పట్నం వెళ్ళాం. నా చేతి చీటీ మీద రెండే మాటలు రాసుకున్నాను: "1151 సాకెట్, డీడీఆర్4 ర్యామ్". ప్రాసెసరు కూర్చునే చతురస్రపు గూడును సాకెట్ అంటారు. ఎల్‌జీఏ 1151 అంటే అందులో 1,151 సన్నని పిన్నులు ఉంటాయని అర్థం. షాపు అతను ఒక పాత హెచ్110 బోర్డు తీసి చూపించాడు. "1151 కదా, పట్టేస్తుంది" అన్నాడు. నేను తల ఊపేశాను. 2,500 రూపాయలు ఇచ్చి తెచ్చాం.

నిజమే, ప్రాసెసరు గూట్లో చక్కగా పట్టింది. కానీ కంప్యూటరు లేవలేదు. ర్యామ్ తీసి తుడిచి పెట్టాం, కేబుళ్ళు మార్చాం, ఇంకో మానిటరు తెచ్చి తగిలించాం. ఊహూఁ! సంక్రాంతి సెలవులకు వచ్చిన పాలిటెక్నిక్ అన్నయ్య పెట్టె విప్పి, స్లాట్ల మధ్య ముద్రించిన బోర్డు పేరు చదివి, "ఇది ఏడో తరం దాకానే రా, నీ ప్రాసెసరు ఎనిమిదో తరం" అన్నాడు. అంతే, గుట్టు తెలిసిపోయింది.

సంగతి ఇది. ఇంటెల్ 2015లో ఆరో తరం ప్రాసెసర్లతో ఈ 1151 సాకెట్‌ను తెచ్చింది. ఆరో తరం, ఏడో తరం ప్రాసెసర్లకు 100, 200 వరస చిప్‌సెట్ల బోర్డులు (హెచ్110, బి150, బి250 లాంటివి) సరిపోతాయి. 2017లో వచ్చిన ఎనిమిదో తరానికి, ఆ తర్వాతి తొమ్మిదో తరానికి కూడా సాకెట్ సంఖ్య 1151 అనే ఉంచారు. కానీ కొన్ని పిన్నుల పని మార్చేశారు. వాటికి 300 వరస బోర్డులు (హెచ్310, బి360, బి365, జెడ్370 లాంటివి) కావాలి.

మనకు బడిలో బూట్లు ఇచ్చినప్పుడు ఒకసారి ఒక డబ్బాలో రెండూ ఎడమ కాలివే వచ్చాయి, గుర్తుందా? నంబరు మాత్రం రెండింటి మీదా 6 అనే ఉంది. ఇదీ అలాంటిదే. నంబరు కలిసినంత మాత్రాన జత కలిసినట్టు కాదు.

రెండు దారులు

అప్పుడు మా ముందు రెండు దారులున్నాయి. ఒకటి, బోర్డును ఉంచుకుని దానికి సరిపోయే ఏడో తరం ప్రాసెసరు కొనడం. రెండు, ప్రాసెసరును ఉంచుకుని బోర్డు మార్చడం. మొదటిది సులువుగా కనిపించింది. అన్నయ్య వద్దన్నాడు. ఎందుకంటే ఆ బోర్డులో పట్టే ఏడో తరం వాటిలో ఎంత పెద్దదైనా 4 కోర్లే. మా ఐ5-8400లో 6 కోర్లు ఉన్నాయి. వీడియో పనిలో, ముఖ్యంగా చివర్లో వీడియోను ఒక్క ఫైలుగా తయారుచేసేటప్పుడు, కోర్లు ఎక్కువైతే వేచి ఉండే సమయం తగ్గుతుంది. ఇంకో కారణం కూడా ఉంది. విండోస్ 10కు ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 కేమో ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచే అధికారికంగా మద్దతు ఉంది. ఏడో తరంలో ఒకటి రెండు తప్ప ఆ జాబితాలో లేవు. డబ్బు పెట్టి వెనక్కి నడవడం ఎందుకు?

అందుకని బోర్డే మార్చాం. షాపు అతను 600 రూపాయలు పట్టుకుని పాతది వెనక్కి తీసుకున్నాడు. ఈసారి బి360 బోర్డు తెచ్చాం. ఆ 600 మన చందా డబ్బే కనుక ఈ లెక్క ఇక్కడ దాచకుండా రాస్తున్నాను.

బోర్డులో చూడవలసినవి

1. సాకెట్, చిప్‌సెట్, బయాస్. ఈ మూడూ కలిపి చూడాలి. బోర్డు తయారుచేసిన కంపెనీ వెబ్‌సైటులో ఆ బోర్డుకు పనికొచ్చే ప్రాసెసర్ల జాబితా ఉంటుంది. మన ప్రాసెసరు పేరు అందులో ఉందా, ఉంటే ఏ బయాస్ వెర్షను నుంచి ఉంది అని చూసుకోవాలి. బయాస్ అంటే స్విచ్చి వేయగానే ముందుగా లేచే చిన్న ప్రోగ్రాము. అది పాతదైతే కొత్త ప్రాసెసరును గుర్తు పట్టదు. ఈ జాబితా ఒక్కటి చూసి ఉంటే మాకు నెల రోజులు కలిసొచ్చేవి.

2. ర్యామ్. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 కాళ్ళే. కానీ మధ్యలో గాటు వేరే చోట ఉంటుంది. ఒకదాని చోట ఇంకొకటి పట్టదు, బలవంతంగా నొక్కితే స్లాటు విరుగుతుంది. వీడియో ఎడిటింగుకు 16 జీబీ ఉంటే పని సాఫీగా సాగుతుంది. ఒకే 16 కన్నా రెండు 8 జీబీలు పెట్టడం మేలు. అప్పుడు రెండు దారుల్లో డేటా నడుస్తుంది. దీన్నే డ్యుయల్ చానల్ అంటారు. విడిగా గ్రాఫిక్ కార్డు లేనప్పుడు తెర పనికి కూడా ఈ ర్యామే వాడుకుంటుంది కాబట్టి తేడా బాగా తెలుస్తుంది. నాలుగు స్లాట్లు ఉన్న బోర్డుల్లో సాధారణంగా ప్రాసెసరు వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది నింపాలి. నాలుగు స్లాట్లుంటే రేపు డబ్బు వచ్చినప్పుడు పాతవి తీయకుండానే ఇంకో రెండు పెట్టుకోవచ్చు.

3. డిస్కులకు చోటు. పాత హార్డ్ డిస్క్ సెకనుకు సుమారు 100 నుంచి 200 ఎంబీ ఇస్తుంది. సాటా ఎస్ఎస్‌డీ సుమారు 550 ఎంబీ. ఎం.2 స్లాటులో పెట్టే ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ, మూడో తరం పీసీఐఈ అయితే 3,500 ఎంబీ దాకా ఇస్తుంది. ఇక్కడ ఇంకో మోసం ఉంది. ఎం.2 అన్నది ఆకారం పేరు మాత్రమే. కొన్ని ఎం.2 స్లాట్లు సాటా రకాన్నే తీసుకుంటాయి, కొన్ని ఎన్‌వీఎంఈ రకాన్నే తీసుకుంటాయి. హెచ్310 చిప్‌సెట్ నుంచి వచ్చే దారులు రెండో తరం పీసీఐఈవి కాబట్టి అక్కడ వేగం తగ్గిపోతుంది. మేము బి360 వైపు మొగ్గింది ఇందుకే. ఇంకొక మాట: చాలా బోర్డుల్లో ఎం.2లో సాటా ఎస్ఎస్‌డీ పెడితే ఒక సాటా పోర్టు పనిచేయకుండా పోతుంది. బోర్డు పుస్తకంలో రాసి ఉంటుంది, చదవాలి.

4. నీలం రంధ్రం. ఇది మన పనికి అన్నిటికన్నా ముఖ్యం. బోర్డు వెనక మూడు రంగుల రంధ్రాలుంటాయి. ఆకుపచ్చ స్పీకరుకు, గులాబీ మైకుకు, నీలం లైన్ ఇన్‌కు. టేప్ రికార్డరు హెడ్‌ఫోను రంధ్రం నుంచి తీగ తెచ్చి నీలం రంధ్రంలో పెట్టాలి. గులాబీలో పెట్టకూడదు. మైకు నుంచి వచ్చేది చాలా సన్నని శబ్దం కనుక గులాబీ రంధ్రం దాన్ని ఎన్నో రెట్లు పెంచుతుంది. టేపు శబ్దం అందులోకి వెళ్తే బొంగురుపోయి పగిలిపోతుంది. కొన్ని బోర్డులకు నీలం రంధ్రం ఉండదు. అలాంటప్పుడు యూఎస్‌బీకి తగిలించే ఆడియో ఇంటర్‌ఫేస్ విడిగా కొనాలి. దానికి మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు చాలు.

5. తెర బొమ్మ ఎక్కడి నుంచి వస్తుంది? బోర్డు వెనక హెచ్‌డీఎంఐ రంధ్రం ఉన్నంత మాత్రాన బొమ్మ రాదు. బొమ్మ తయారుచేసే భాగం ప్రాసెసరులో ఉండాలి. ఇంటెల్‌లో ఐ5-9400ఎఫ్ లాగా పేరు చివర ఎఫ్ ఉంటే ఆ భాగం లేదని గుర్తు, విడిగా గ్రాఫిక్ కార్డు కొనాల్సిందే. మా 8400లో ఎఫ్ లేదు. పైగా వీడియోను విప్పి చదివే, తిరిగి మడిచి దాచే పనికి అందులో క్విక్ సింక్ అనే ఏర్పాటు ఉంది. ముందు ముందు గ్రాఫిక్ కార్డు పెట్టాలంటే పొడుగాటి పీసీఐఈ ఎక్స్16 స్లాటు ఖాళీగా ఉండాలి. డావిన్సీ రిజాల్వ్ లాంటి పెద్ద సాఫ్ట్‌వేరు పెడితే కార్డు అవసరం పడుతుంది. ఇప్పటికి మేము ఉచితంగా దొరికే ఆడాసిటీతో పాటలు, షాట్‌కట్‌తో వీడియోలు చేస్తున్నాం.

6. కొలత. పూర్తి ఏటీఎక్స్ బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244 × 244, మినీ ఐటీఎక్స్ 170 × 170. చిన్న బోర్డు పెద్ద క్యాబినెట్‌లో పడుతుంది కానీ పెద్ద బోర్డు చిన్న క్యాబినెట్‌లో పట్టదు. స్కేలు పట్టుకుని వెళ్ళినా తప్పు లేదు.

7. ఎస్ఎంపీఎస్. బోర్డుకు 24 పిన్నుల పెద్ద కనెక్టరు, ప్రాసెసరు పక్కన 4 లేదా 8 పిన్నుల చిన్న కనెక్టరు, రెండూ తగిలించాలి. చిన్నది మరిచిపోయినా తెర నల్లగానే ఉంటుంది.

కొత్తది కొనేవారికి

అందరికీ ప్రాసెసరు ఉచితంగా దొరకదు కదా. కొత్తది కొనాలంటే ఈ జతలు రాసుకోండి. ఇంటెల్ 12, 13, 14 తరాలకు ఎల్‌జీఏ 1700 సాకెట్. ఇది 2021లో వచ్చింది. హెచ్610, బి660, బి760 లాంటి బోర్డులు దీనివే. వీటిలో కొన్ని డీడీఆర్4వి, కొన్ని డీడీఆర్5వి, పేరు జాగ్రత్తగా చదవాలి. 600 వరస బోర్డులో 13, 14 తరాల ప్రాసెసరు పెట్టాలంటే బయాస్ కొత్తది కావాలి. 2024లో వచ్చిన కోర్ అల్ట్రా 200 వరస డెస్క్‌టాప్ ప్రాసెసర్లకు ఎల్‌జీఏ 1851 సాకెట్, డీడీఆర్5 ర్యామ్. ఏఎండీలో ఏఎం4 సాకెట్‌కు డీడీఆర్4, 2022లో వచ్చిన ఏఎం5కు డీడీఆర్5 మాత్రమే. ఏఎం4 ప్రాసెసర్లకు పిన్నులు ప్రాసెసరు కిందే ఉంటాయి. ఏఎం5కు, ఇంటెల్ సాకెట్లకు పిన్నులు బోర్డు గూట్లో ఉంటాయి. పాత బోర్డు కొనేటప్పుడు ఆ గూట్లో ఒక్క పిన్ను వంగినా బేరం వదిలేయండి.

చోటు ఎంత కావాలి?

ఎనిమిదో తరగతి వాళ్ళు కూడా చేయగల లెక్క ఇది. పాటను సెకనుకు 48,000 సార్లు కొలుస్తాం. ఒక్కో కొలతకు 3 బైట్లు, కుడి ఎడమ కలిపి రెండు వరసలు. 48,000 × 3 × 2 = 2,88,000 బైట్లు. గంటకు 3,600 సెకన్లు కనుక సుమారు 1.04 జీబీ. 11 క్యాసెట్లకు 11.4 జీబీ. పాటలకు పెద్ద డిస్కు అవసరమే లేదు. వీడియో సంగతి వేరు. సెకనుకు 17 మెగాబిట్ల చొప్పున తీసిన ఫోను వీడియో గంటకు 7.65 జీబీ. అదే 100 మెగాబిట్ల 4కే వీడియో అయితే గంటకు 45 జీబీ! అందుకే పని చేసుకోవడానికి ఎస్ఎస్‌డీ, దాచుకోవడానికి పెద్ద హార్డ్ డిస్క్, రెండూ తగిలించే చోటు ఉన్న బోర్డు చూసుకోవాలి.

కంప్యూటరు పలికిన రోజు

బోర్డు మారిన సాయంత్రం తెర వెలిగింది. కానీ మొదటి క్యాసెట్ ఎక్కించినప్పుడు పాట వెనక గుయ్ అని ఒకటే మోత. మళ్ళీ బోర్డునే తిట్టుకున్నాం. తీరా చూస్తే తప్పు కరెంటుది. మన ప్లగ్గుకు ఎర్తింగు సరిగా లేదు. టేప్ రికార్డరును కరెంటు నుంచి తీసి బ్యాటరీల మీద నడిపాం, మోత ఆగింది. ఎలక్ట్రీషియనును పిలిపించి ఎర్తింగు బాగు చేయిస్తానని వార్డెన్ మాస్టారు అన్నారు. ఇది గోడ మీద రాశాను కాబట్టి ఇక మరిచిపోరు!

ఒక నష్టం మాత్రం పూడ్చలేనిది. కంప్యూటరు మూగగా ఉన్న ఆ నెలలో మేము ఊరుకోలేక నాలుగో క్యాసెట్‌ను పదే పదే పెట్టుకుని విన్నాం. ఒక రోజు రీలు చుట్టుకుపోయి నలిగింది. పెన్సిలుతో తిప్పి సరిచేశాం కానీ ఒక పెళ్ళి పాట మధ్యలో కొంత పోయింది. ఎక్కించే వీలు వచ్చేదాకా పాత క్యాసెట్‌ను వినకూడదని మాకు తర్వాత తెలిసింది.

పోయిన ఆదివారం ఆ అవ్వను బడికి తీసుకొచ్చాం. హెడ్‌ఫోను పెట్టి మొదటి పాట వినిపించాం. కాసేపు ఊరుకుని, "ఇది నా గొంతు కాదు బాబూ, మా అక్కది" అంది. అక్క పోయి చాలా కాలమైందట. తర్వాత నలిగిన పాట వినిపిస్తే, పోయిన చోట ఆగకుండా తనే పాడేసింది! వెంటనే ఫోనులో రికార్డు చేశాం. ఆమె చెబుతుంటే మాటల అర్థాలు తొమ్మిదో తరగతి వాళ్ళు నోటు పుస్తకంలో రాస్తున్నారు. ఇప్పటికి మూడు క్యాసెట్లు అయ్యాయి. ఇంకా ఎనిమిది ఉన్నాయి. వానలు మొదలు కాకముందే అన్నీ ఎక్కించాలి. సాయంత్రం ఆటల వేళ అరగంట ఇవ్వగలవారు నాకు పేరు ఇవ్వండి.

గుర్తుంచుకోండి: ముందు పని ఏమిటో తేల్చుకోవాలి, ఆ పనికి ప్రాసెసరు, ప్రాసెసరుకు బోర్డు, బోర్డుకు ర్యామ్. షాపులో "పట్టేస్తుంది" అంటే చాలదు, "జాబితాలో పేరు చూపించండి" అని అడగాలి. అడగడానికి నేను ఆ రోజు మొహమాటపడ్డాను. ఆ మొహమాటం ఖరీదు 600 రూపాయలు, ఒక నెల, పాటలో ఒక ముక్క.

చివరగా మీకో ప్రశ్న: మీ దగ్గర ఏడో తరం ఐ5-7400 ప్రాసెసరు, బి360 బోర్డు ఉన్నాయి. రెండూ 1151 సాకెట్‌వే. కంప్యూటరు లేస్తుందా, లేవదా? కారణంతో సహా చీటీ మీద రాసి గోడపత్రిక కింద ఉన్న డబ్బాలో వేయండి. సరైన జవాబు రాసినవారి పేర్లు వచ్చే సంచికలో.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
పదో తరగతి